మరియు ఒక ఆడపిల్ల

పుట్టిన చోటు అన్న గడి దగ్గర
నా పెన్ను ఆగింది.
"రంగం" అంది కొర్రాయి గున్నమ్మ,
పక్క వీధి పేరు చెప్పినంత తేలిగ్గా.

పర్లాకిమిడి కలెక్టరేటు గోడ వార
గొడుగు కింద అర్జీలు రాస్తాను.
ఒడియాలో రాసి తెలుగులో చదివి వినిపించి
నలభై రూపాయలు తీసుకుంటాను.
మా వీధిలో అప్పులెగ్గొట్టి ఎవడు మాయమైనా
"రంగం పోయాడు" అనేవారు పెద్దాళ్ళు.
అక్కడా పురిటి గదులుంటాయని,
ఎవరో ఒక ఆడమనిషి అక్కడ
తెలుగులో నొప్పులు పడుతుందని
నాకెప్పుడూ తోచలేదు.

ఆమె నూనెగుడ్డ విప్పింది.
అరవై నాలుగులో ఓడ దిగినప్పుడు
విశాఖ రేవులో ముద్ర గుద్దిన కాగితం.
తల్లి పేరుంది. తండ్రి పేరు మీద అడ్డగీత ఉంది.
దుప్పట్లు మూడు, ఇత్తడి గిన్నెలు రెండు,
కుట్టుమిషను తల ఒకటి.
అన్నిటికీ చివర, సిరా అయిపోతున్న చేతిరాత:
"మరియు ఒక ఆడపిల్ల."

అంతే.
ఆ మూడు మాటల మీద అరవయ్యేళ్ళు నిలబడింది.
కాశీనగరంలో పెళ్ళి, ముగ్గురు పిల్లలు,
ఒకరి చావు,
జీడిపిక్కల కార్ఖానాలో నలభయ్యేళ్ళు.

గుమాస్తా దిగంబర సాబత్ చెడ్డవాడు కాదు.
మా ఇద్దరికీ టీ చెప్పాడు.
చెప్పి, అడిగాడు:
"ఆ ఆడపిల్ల ఈ మాఉసియేనని రుజువేది?"

గున్నమ్మ ఫొటో తీసింది.
తల్లి పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల,
రెండు బుగ్గల మీదా గుండ్రంగా తెల్ల మరకలు.
పాపం, బూజనుకున్నాడు. గోటితో గీకబోయాడు.
"గీకకు బావూ!
బూజు గాదది. మాయమ్మ రాతి మీద
సెక్క అరగదీసి పూసింది, తనకా అంతారు.
ఓడలో మూడో రోజుకే రాలిపోనాది.
ఆ కాయితం మీదే ఉండిపోనాది."

విచారణకి పోలీసు వెళ్ళాడు కాశీనగరం.
ఈమె ఎవరని ఇంటింటా అడిగితే
అందరూ ఒకటే మాట: "రంగం గున్నమ్మ."
కుళాయి దగ్గర తగువొచ్చినప్పుడల్లా
ఆమె మీదికి విసిరిన ఆ పేరునే
కానిస్టేబులు రాసుకున్నాడు,
అందరి చేతా కింద సంతకాలు పెట్టించాడు.

మూడు వానాకాలాలు.
ప్రమాణం చేయించిన రోజు నేనూ వెళ్ళాను.
అధికారి ఒక్కో మాటా విడగొట్టి చదివాడు,
ఆమె ఒక్కో మాటా తిరిగిచ్చింది,
బాకీ తీరుస్తున్నట్టు,
చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడుతున్నట్టు.
"నమ్మకంగా ఉంటాను" అన్నచోట మాత్రం ఆగి
"ఇన్నాళ్ళూ ఉన్నాను గదా" అంది నాతో, పక్కకి తిరిగి.

ఆ పైన ఆధార్.
వేళ్ళు ఆనిస్తే గాజు ఎర్రబడింది.
తుడిచి ఆనించాం. తడిపి ఆనించాం.
గీతల్ని జీడి నూనె ఎప్పుడో తినేసింది.
కుడి కంట్లో శుక్లం.
ఎడమ కన్ను ఒక్కటే ఒప్పుకుంది.

కార్డు వచ్చాక నా గొడుగు కిందికే తెచ్చింది.
"అంకెలు సదువు బావూ, కంఠతా పెట్టుకుంతాను.
కాయితాలు పోతాయి."
చదివాను. వేళ్ళు ముడుస్తూ
తనలో తను ఏదో గొణుక్కుంది, తెలుగు కాదు, ఒడియా కాదు.
నేను చూస్తున్నానని సిగ్గుపడింది.
"మూడో తరగతి దాకా అక్కడే గదా.
నెక్క ఇంకో బాసలో రాదు నాకు.
పిక్కల తూకం గూడా ఇలాగే ఎంచీదాన్ని,
మేస్త్రీకి ఇనపడకండా."

ఇవతల కాశీనగరం బస్సు హారను కొడుతోంది.
ఆమె లేవలేదు.
లే... కో... టిట్... చౌక్...
చివరి అంకె దగ్గర తడబడి
మళ్ళీ మొదటికొచ్చింది.